సొరంగం నోట్లో రెండు సెకన్లు

గోదావరి జిల్లాల్లో స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నవాడికి నెత్తిమీద ఆకాశం లేకుండా బండి నడిపే అలవాటుండదు. ఇక్కడ నేల చదును, కాస్త తవ్వితే నీళ్లు. దారికి అడ్డొచ్చేవన్నీ పాయలూ కాలవలే కాబట్టి మన ఇంజనీర్లకు తవ్వే పని రాలేదు, వంతెనలు కట్టే పనే మిగిలింది. 1974లో వచ్చిన రాజమండ్రి-కొవ్వూరు రోడ్డు కమ్ రైలు వంతెన మీద కూడా చీకటి వాటా కింద పోయే రైలుదే, ఎండా గాలీ పైనపోయే మనవి.

బెజవాడ ప్రయాణానికి దేవరపల్లి మీదుగా దగ్గరదారి ఉన్నా, డెల్టా చూసుకుంటూ పోవాలని కారు కడియం వైపు తిప్పాను. పక్క సీట్లో మా బాబాయ్. కోనసీమ కొబ్బరికాయల లోడుతో పూణే మీదుగా ముంబై దాకా లారీ తోలిన మనిషి. నర్సరీలు దాటాక జొన్నాడ దగ్గర గౌతమి, రావులపాలెం అవతల సిద్ధాంతం దగ్గర వశిష్ఠ. ఆపైన హైవే దిగి కొంతసేపు కాలవగట్టు రోడ్డు పట్టాం. చెట్ల నీడలు రోడ్డుకి అడ్డంగా చారలు చారలుగా పడి, ఎండ కంట్లో టపటపా కొడుతోంది.

"కాసేపైతే తల దిమ్మెక్కుద్ది, స్పీడు తగ్గించు" అన్నాడు బాబాయ్.

సొరంగాల్లో లైట్లు అమర్చేవాళ్లకు ఈ దిమ్ము బాగా తెలుసు. వెలుగూ నీడా సెకనుకు 4 నుంచి 11 సార్లు మారుతూ, అది కొంతసేపు సాగితే కంటికి చికాకు. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. ఆ వేగంలో రెండున్నర మీటర్లకో దీపం పెడితే సెకనుకు 8 మెరుపులు. అందుకే దీపాల మధ్య దూరాన్ని బండ్ల వేగం లెక్కకట్టి నిర్ణయిస్తారు.

ఏలూరు దాటాక మాటలు పూణే-ముంబై ఎక్స్‌ప్రెస్‌వే మీదికి మళ్లాయి. కామ్‌షెట్, భాతన్ సొరంగాల సంగతి చెబుతూ బాబాయ్ అన్నాడు: "ఎండలోంచి లోపలికి పోయినప్పుడు ముందు బండి ఎల్లిపోద్ది, మన కన్ను ఎనకాల వస్తాది."

ఆ మాట ఎంత నిజమో బెజవాడ చిట్టినగర్ సొరంగం దగ్గర తెలిసింది. మిట్టమధ్యాహ్నం. కొండకి పెట్టిన ఆ కన్నం దూరానికి ఒట్టి నల్లగా కనిపించింది. ఒకటే గొట్టంలో రెండువైపుల బండ్లూ పోవాలి. "కళ్లజోడు తీసెయ్. లైటెయ్యి. కాలు తియ్యి" అని మూడు ముక్కల్లో చెప్పాడు బాబాయ్. లోపలికి పోగానే ఎదురొచ్చే ఆటో హెడ్‌లైటు తప్ప ఆటో కనబడలేదు. హారన్ల మోత గోడలకు కొట్టుకుని ఏది ముందుదో ఏది వెనకదో తెలియలేదు. నా చేతులు స్టీరింగ్‌ని బిగించాయి, కారు గోడకి దూరంగా మధ్యగీత వైపు జరిగింది.

ఇవన్నీ శరీరం తనంతట తాను చేసే పనులు. చీకట్లోంచి వెలుగులోకి వస్తే కంటిపాప చటుక్కున ముడుచుకుంటుంది. వెలుగులోంచి చీకట్లోకి పోతే తీరిగ్గా విప్పారుతుంది, రెటీనా పూర్తిగా అలవాటు పడాలంటే నిమిషాలు పడుతుంది. రెండు సెకన్లు సరిగ్గా కనబడకపోయినా, 72 కిలోమీటర్ల వేగంలో 40 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. అందుకే పెద్ద సొరంగాల ముఖద్వారం దగ్గర దీపాలు రాత్రికంటే పట్టపగలే ఎక్కువ కాంతితో వెలుగుతాయి. లోపలికి పోతున్న డ్రైవర్ల గుండె వేగం పెరగడం, బండి గోడకి దూరంగా జరగడం పరిశోధకులు కొలిచి చూసినవే. ఎదురు బండ్లుండే సొరంగంలో అలా జరగడమంటే ప్రమాదం వైపు జరగడమే.

గాలి సంగతి వేరు. బండ్ల పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మోతాదు మించితే తలనొప్పి, మందకొడితనం. న్యూజెర్సీలో ఉండే మనవాళ్లు న్యూయార్క్ పోయే హాలండ్ సొరంగం 1927లో తెరుచుకుంది. హడ్సన్ నది కింద పోయే ఆ దారికి 84 ఫ్యాన్లు పెట్టి, లోపలి గాలంతా 90 సెకన్లకోసారి మారేలా చేశారు.

మరీ పొడుగు సొరంగాల్లో భయం పోయి విసుగు మొదలవుతుంది, కునుకు పడుతుంది. నార్వేలో 2000లో తెరిచిన 24.5 కిలోమీటర్ల లేర్డాల్ సొరంగంలో, డ్రైవరు తేరుకోవడానికి మూడుచోట్ల కొండలోనే విశాలమైన గదులు తొలిచి నీలిరంగు దీపాలు పెట్టారు. చైనాలో 18 కిలోమీటర్ల ఝోంగ్‌నాన్‌షాన్ సొరంగంలో కృత్రిమ చెట్లూ, కప్పుమీద మబ్బుల వెలుగూ అమర్చారు.

మనకీ ఇక ఇది దూరపు సంగతి కాదు. రాయ్‌పూర్-విశాఖ ఆరు వరసల రహదారిలో సొరంగం ఉంది. జమ్మూలో 9 కిలోమీటర్ల చెనానీ-నాశ్రీ సొరంగం 2017 నుంచీ నడుస్తోంది. మన లారీలు, మన యాత్రికుల కార్లు ఆ దారులన్నీ తొక్కేవే. అక్కడ కొండ కంటే, ఎండలో వచ్చిన వేగంతోనే లోపలికి దూరడం ప్రమాదం. సొరంగం కనబడగానే నల్లకళ్లజోడు తీయండి, హెడ్‌లైట్లు వేయండి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. ముందు బండికి రెట్టింపు దూరం వదలండి. బయటికొచ్చేటప్పుడు ఎండ కంట్లో కొట్టేలోపు కాలు నొక్కకండి. కన్ను కుదురుకున్నాకే వేగం పెంచండి.