ఒక చేప, ఒక కప్ప, మీ రక్తపోటు మాత్ర

మీ ఇంట్లో రక్తపోటుకు మందు వాడేవారుంటే వారి మందుల చీటీని ఒకసారి తీసి చూడండి. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్‌లలో ఏదో ఒకటి అందులో కనిపించవచ్చు. జంట మాత్ర పేరు చివర ‘హెచ్’ అనే అక్షరం ఉంటే అది చాలాసార్లు వీటిలో మొదటిదే. రోగులు దీనిని ‘నీరు తీసే బిళ్ళ’ అంటారు. నిజానికి అది తీసేది ఉప్పును. నీరు ఉప్పు వెంట పోతుంది.

మన మూత్రపిండాలు దినానికి సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో కరిగి ఉండే ఉప్పు దాదాపు కిలోన్నర. మనం తినేది ఏ పది గ్రాములో కనుక, వడపోసిన దానిలో నూటికి 99 పాళ్ళు తిరిగి రక్తంలోకి చేరవలసిందే. ఆ పని సూక్ష్మనాళికల గోడలలోని కణాలది. సోడియం, పొటాసియం, క్లోరైడు అనే అయాన్లు, అంటే విద్యుదావేశం గల రేణువులు, కణపు పొరను తమంతట తాము దాటలేవు. వాటిని దాటించేందుకు మాంసకృత్తులతో ఏర్పడిన వాహకాలున్నాయి. రక్తం వైపున ఉండే పంపు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి రెండు పొటాసియం అయాన్లను లోపలికి తెస్తుంది. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ 1957లో పీత నరాలలో దీని జాడ పట్టాడు. నోబెల్ బహుమతి అందుకోవడానికి 1997 దాకా ఆగవలసి వచ్చింది.

థయజైడ్ మందులు వాడుకలోకి వచ్చింది కూడా 1950ల చివరలోనే. అవి ఏ వాహకాన్ని అడ్డుకుంటాయో మాత్రం చాలాకాలం తేలలేదు. మా చదువు రోజుల్లో అధ్యాపకులు ‘నాళిక చివరి భాగంలో’ అని చెప్పి ముందుకు సాగేవారు.

సమాధానం అట్లాంటిక్ చలి నీటిలో తిరిగే ఫ్లౌండర్ అనే బల్లపరుపు చేప నుండి వచ్చింది. దాని మూత్రాశయం ఉప్పును పీల్చుకుంటుందనీ, థయజైడ్ ఆ పనిని ఆపుతుందనీ 1984లో జాన్ స్టోక్స్ బృందం చూపింది. మూత్రపిండంలో లక్షల నాళికల చిక్కుముడి ఉంటుంది; ఇక్కడ ఉన్నది పరచి పరీక్షించదగిన పలుచని పొర. బోస్టన్‌లో స్టీవెన్ హెబర్ట్, మెక్సికో నుండి వచ్చిన యువ వైద్యుడు గెరార్డో గాంబా ఆ పొరలోని జన్యు సందేశాలను కప్ప గుడ్లలోకి ఎక్కించారు. గుడ్డు ఆ సందేశం ప్రకారం పరాయి వాహకాన్ని తయారుచేసింది. రేడియోధార్మిక సోడియం లోపలికి పోతున్నదా, థయజైడ్ వేస్తే ఆగుతున్నదా అని కొలిచారు. జన్యువుల గుంపును పంచుకుంటూ, మళ్ళీ పంచుకుంటూ, చివరికి ఒక్క జన్యువు మిగిలేదాకా వెళ్ళారు. 1993లో ఆ ఫలితం వెలువడింది. ఇంతటి ఓపికను నేను వైద్యంలో అరుదుగా చూశాను.

మూడేళ్ళకు యేల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లిఫ్టన్ బృందం మనుషులలో ఇదే జన్యువు లోపిస్తే గిటెల్‌మన్ వ్యాధి వస్తుందని తేల్చింది. వారికి రక్తంలో పొటాసియం తక్కువ, కండరాలు పట్టేస్తాయి, నీరసం. పుట్టుకతోనే ఈ మాత్ర మింగుతున్నట్లు ఉంటుంది వారి స్థితి.

ఇక్కడే మీకు సంబంధించిన విషయం ఉన్నది. ఈ వాహకం ఆగితే, మిగిలిపోయిన సోడియం నాళికలో ఇంకా ముందుకు పోతుంది. అక్కడి కణాలు దానిలో కొంత లోపలికి తీసుకుంటూ, పొటాసియంను మూత్రంలోకి విడుస్తాయి. మందు పనిచేసే తీరులోనే ఈ నష్టం ఇమిడి ఉన్నది.

ఒక మే నెలలో, పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడొకరిని పక్షవాతమని భయపడుతూ ఇంటివారు మోసుకొచ్చారు. మూడు రోజులుగా విరేచనాలు. మాత్ర మాత్రం క్రమం తప్పలేదు. రెండు కాళ్ళూ లేవడం లేదు, మాట స్పష్టంగానే ఉన్నది. పొటాసియం 2.3, మామూలుగా 3.5కు తగ్గకూడదు. గుండె లయ తప్పే ప్రమాదం గంటల దూరంలో ఉన్నది. పొటాసియం జాగ్రత్తగా ఎక్కించాక రెండో రోజు నడిచారు.

కనుక ఈ మాత్ర మొదలుపెట్టిన కొద్ది వారాలకు సోడియం, పొటాసియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించమని మీ వైద్యుని అడగండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున మాత్ర వేసుకోవాలా అని ఫోను చేసి కనుక్కోండి. వృద్ధులలో, ముఖ్యంగా స్త్రీలలో, సోడియం కూడా పడిపోయి మాట తడబడవచ్చు, మగత కమ్మవచ్చు. దానిని వయసు మీదికి నెట్టకండి. ఒంట్లో బాగున్నప్పుడు సొంతంగా మానేయడమూ తగదు, పోటు మళ్ళీ ఎగబాకుతుంది.

రోజూ అరటిపండు, కొబ్బరినీళ్ళు సరిపోవా అని చాలామంది అడుగుతారు. కొందరికి మేలే. అయితే రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి పొటాసియంను నిలిపి ఉంచుతాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో అది ప్రమాదకరంగా పెరగవచ్చు. వారు కొబ్బరిబోండాం కొట్టించే ముందు తమ రక్తపరీక్ష చీటీ వైద్యునికి చూపించుకోవాలి.