గురక వెనక దవడ

గురక పెట్టేవాళ్ళని చూసి "ఆహా, ఎంత గాఢంగా నిద్రపోతున్నాడో" అంటాం మనం. పెళ్ళి విడిదిళ్ళలో గురక మీద పేలినన్ని జోకులు ఇంక దేనిమీదా పేలవేమో. మా ఆవిడకి మాత్రం నా గురకంటే భయం లేదు. అది ఆగిపోతేనే భయం. గురక ఉన్నట్టుండి ఆగిపోయేదట. ఛాతీ ఎగిసిపడుతూనే ఉండేది, ఊపిరి మాత్రం వచ్చేది కాదు. పది, పదిహేను, ఇరవై... అని ఆవిడ లెక్కపెట్టేది. చివరికి గుర్రుమంటూ ఊపిరి అందేది. అప్పటిదాకా పాపం ఆవిడకి నిద్ర లేదు.

పగలు నా పరిస్థితి ఇంకోలా ఉండేది. ఎనిమిది గంటలు పడుకుని లేచినా తలనొప్పి. మధ్యాహ్నం మీటింగులో కళ్ళు మూతలు పడేవి. ఓసారి సిగ్నల్ దగ్గర బండి మీదే కునుకు పట్టేసింది. వెనక ఆటో అతను హారన్ కొడితే గానీ మెలకువ రాలేదు. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

"లావుగా ఉన్నవాళ్ళకి కదా ఈ జబ్బు? మీరేంటి, 62 కిలోలు!" అన్నారు అందరూ. ఒళ్ళంతా వైర్లు తగిలించి రాత్రంతా స్లీప్ స్టడీ చేస్తే గంటకి 41 అని తేలింది. అంటే నిద్రలో గంటకి 41 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందన్నమాట. కనీసం పది సెకన్లు అలా అయితేనే ఒకటిగా లెక్కేస్తారు. పెద్దవాళ్ళలో 5 లోపు ఉంటే ఫర్వాలేదు, 30 దాటితే తీవ్రం.

డాక్టరు నన్ను పక్కకి తిరగమని ముఖం చూశారు. "మీ నాన్నగారి గడ్డం కూడా ఇలాగే లోపలికి ఉంటుందా?" అని అడిగారు. ఉంటుంది. మా తాతయ్యదీ అంతే. గురక కూడా మాకు వంశపారంపర్యమే!

ఆయన చెప్పింది చాలా సులువుగా అర్థమైంది. మన నాలుకని ముందుకి పట్టి ఉంచే కండరం కింది దవడకి లోపలివైపు, గడ్డం దగ్గర అతుక్కుని ఉంటుంది. కొండనాలుక వేలాడే మెత్తటి అంగిలి పైదవడని ఆనుకుని ఉంటుంది. నిద్రలో కండరాలు సడలుతాయి కాబట్టి ఇవన్నీ కాస్త వెనక్కి జారతాయి. దవడలు చిన్నవైతే వెనక చోటూ తక్కువే. ఇల్లు ఇరుకైతే సామాను గుమ్మానికి అడ్డొచ్చినట్టు, నాలుక గాలి దారికి అడ్డొస్తుంది. కింది దవడ బాగా చిన్నదిగా పుట్టిన పసిపిల్లల్లో నాలుక వెనక్కి పడి ఊపిరికి ఇబ్బంది కావడాన్ని పియర్ రాబిన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1923లోనే వివరించాడట.

ముందు సీపాప్ మిషన్ ఇచ్చారు. 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కోలిన్ సలివన్ ప్రపంచానికి పరిచయం చేసిన పద్ధతి ఇది. మాస్కులోంచి గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. చాలామందికి ఇదే మొదటి మందు, మంచి మందు. నేనూ ఎనిమిది నెలలు ప్రయత్నించాను. మాస్కులు మార్చాను, ఒత్తిడి మార్పించాను. నిద్రలో నాకు తెలియకుండానే పీకేసేవాణ్ణి. అప్పుడు దవడ ఆపరేషన్ మాట వచ్చింది.

రెండు దవడలనీ నోటి లోపలినుంచే కోసి, సాధారణంగా ఓ 10 మిల్లీమీటర్ల మేర ముందుకి జరిపి, టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. ఎముకతో పాటు నాలుక, అంగిలి ముందుకి వస్తాయి. గొంతులో దారి వెడల్పవుతుంది. 2010లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఈ ఆపరేషన్ చేయించుకున్న 600 మందికి పైగా రోగుల వివరాలు కలిపి చూస్తే, గంటకి సగటున 64 దాకా ఉన్న లెక్క పదిలోపుకి దిగింది. 5 కిందకి వచ్చినవాళ్ళు మాత్రం సగానికి తక్కువే. అంటే మంత్రం కాదు, కానీ చాలా పెద్ద మార్పే.

దీనికి కట్టాల్సిన మూల్యమూ ఉంది. ఆరువారాలు పప్పుచారన్నం మిక్సీలో వేసుకుని తాగాను. కింది దవడ ఎముకలోంచి నరం వెళ్తుంది కాబట్టి, కింది పెదవి దగ్గర ఇప్పటికీ కాస్త తిమ్మిరి. "నా కొడుకు మొహం ఎవరిదోలా ఉంది" అని అమ్మ వారం రోజులు బెంగ పెట్టుకుంది. ఆరునెలలకి మళ్ళీ స్లీప్ స్టడీ చేస్తే గంటకి 6. మా ఆవిడ లెక్కపెట్టడం మానేసింది.

ఇదంతా రాయడానికి అసలు కారణం మా గుంటూరు పిన్ని కూతురు. దాని సమస్య నాకు తిరగేసినది. కింది దవడ ముందుకి ఉంటుంది. రెండు సంబంధాలు ఆ వంకతోనే తప్పిపోయాయి. "కింది దవడ వెనక్కి జరిపిస్తే సరిపోతుందట అన్నయ్యా, పళ్ళకి క్లిప్పులు కూడా వేస్తున్నారు" అని ఫోన్ చేసింది.

వెనక్కి అనగానే నాకు గుండె గుభేలుమంది. ముందుకి జరిపితే దారి వెడల్పైనప్పుడు, వెనక్కి నెడితే? "నువ్వు గురక పెడతావా?" అని అడిగాను. అది సిగ్గుపడింది. వెనకనుంచి పిన్ని అందుకుని, "పక్కగదిలోకి వినపడుతుందిరా" అంది. మొదట చూపించుకున్న చోట నిద్ర గురించి ఎవరూ ఒక్క ముక్క అడగలేదట.

ఇంకో సర్జన్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. కింది దవడ వెనక్కి జరిపిన ప్రతివాళ్ళకీ ఊపిరి ఇబ్బంది రాదని, శరీరం సర్దుకునేవాళ్ళు చాలామందేనని ఆయన చెప్పారు. కాకపోతే ఎక్కువ దూరం జరిపినా, మనిషి లావైనా, ముందే గురక ఉన్నా జాగ్రత్తపడాలన్నారు. స్లీప్ స్టడీలో దానికి అప్పటికే గంటకి 9 ఉంది. దాంతో ప్లాన్ మార్చారు. కింది దవడ కొద్దిగా మాత్రమే వెనక్కి, మిగతా తేడా పైదవడని ముందుకి తెచ్చి సరిచేశారు. పళ్ళు కలిశాయి, ముఖం కుదిరింది. తర్వాత చేసిన పరీక్షలో ఊపిరి లెక్క పెరగలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా దవడ ఆపరేషన్ ఆలోచన ఉంటే, అది పెళ్ళి కోసమైనా, పళ్ళ వరస కోసమైనా, ముందు రెండు విషయాలు కనుక్కోండి. మనిషికి గురక, పగటి కునుకు ఉన్నాయా? ఉంటే ఆపరేషన్‌కి ముందే స్లీప్ స్టడీ చేయిస్తారా? ఆపరేషన్ తర్వాత ముఖం ఎలా ఉంటుందో డాక్టర్లు కంప్యూటర్‌లో చూపిస్తారు. పడుకున్నాక గాలి ఎలా ఆడుతుందో మాత్రం మనమే అడగాలి.