క్షతగాత్రుడి చిరునామా

యుద్ధరంగం నుంచి ఇంటికి చేరే వార్త ఎంత క్లుప్తంగా ఉంటే, అది చదివిన తండ్రి మనసులో భయం అంతగా విస్తరిస్తుంది. బానిసత్వాన్ని నిలుపుకోవాలని విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకూ, దేశసమైక్యత కోసం నిలిచిన ఉత్తరాది రాష్ట్రాలకూ మధ్య 1861 నుంచి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధంలో ఇటువంటి వార్తలు లక్షల ఇళ్ల తలుపులు తట్టాయి. 1862 సెప్టెంబరు 17న మేరీలాండ్‌లోని యాంటీటమ్ వాగు దగ్గర జరిగిన పోరులో, ఒక్క పగటిపూటే ఇరుపక్షాలా కలిపి సుమారు 23 వేల మంది మరణించడమో, గాయపడడమో, గల్లంతవడమో జరగగా, ఆ రాత్రే బోస్టన్‌లోని ఆలివర్ వెండెల్ హోమ్స్ ఇంటికి ఒక తంతి అందింది. ఇరవయ్యో మసాచుసెట్స్ పటాలంలో కెప్టెన్‌గా ఉన్న పెద్దకొడుకు మెడలోంచి తూటా దూసుకుపోయిందనీ, ప్రాణాపాయం ఉండకపోవచ్చుననీ, అతను కీడీస్‌విల్ అనే ఊళ్లో ఉన్నాడనీ దాని సారాంశం.

హోమ్స్ కవి, వ్యాసకర్త మాత్రమే కాక, హార్వర్డ్‌లో శరీరనిర్మాణ శాస్త్రం, అంటే దేహంలోని అవయవాల అమరికను వివరించే విద్య, బోధించే వైద్యుడు కూడా కావడంతో, మెడలో ఊపిరి గొట్టం, అన్నవాహిక, మెదడుకు నెత్తురు మోసే ధమనులు, వెన్నుపాము ఎంత దగ్గరదగ్గరగా ఉంటాయో ఆయనకు తెలుసు. ఇతరులకు ధైర్యమిచ్చే ఆ విద్యే ఆయనకు ఆ రాత్రి శాపమైంది.

మర్నాడే బయలుదేరి, రైళ్లూ బండ్లూ మారుతూ ఆయన కీడీస్‌విల్ చేరేసరికి, కొడుకు ముందురోజే పాలబండిలో హేగర్స్‌టౌన్ వైపు వెళ్లిపోయాడు. తంతి ఆయనకంటే ముందు పరుగెత్తింది గాని, కొడుకు ఆ తంతి చెప్పిన చోటును దాటి ముందుకు సాగిపోయాడు. ఇక తండ్రికి మిగిలింది బాల్టిమోర్, ఫిలడెల్ఫియా, హారిస్‌బర్గ్ నగరాల మీదుగా వాకబు చేస్తూ, తాత్కాలిక ఆసుపత్రులుగా మారిన భవనాల్లో మంచం మంచానికీ వంగి ముఖాలు చూడడమే. ప్రతి మంచం మీదా ఉన్నది మరొక తండ్రి వెతుకుతున్న కొడుకే. అంతకుముందు చూసిన యుద్ధభూమిలో ఆయనకు దొరికిన ఒక ఉత్తరం శత్రుసైనికుడికి భార్య పేర రాసినది. దానిలోని కబుర్లలో ఊళ్లో ఎదుగుతున్న మొక్కజొన్న చేను ముచ్చట కూడా ఉంది. చివరికి హారిస్‌బర్గ్ స్టేషనులో, హేగర్స్‌టౌన్ నుంచి వచ్చిన రైలుపెట్టెలో కొడుకు కనిపించాడు. ఈ అన్వేషణను హోమ్స్ అదే ఏడాది డిసెంబరు ‘అట్లాంటిక్ మంత్లీ’లో వ్యాసంగా ప్రచురించారు. ఆ కొడుకే తరువాత 1902 నుంచి 1932 వరకు అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేశాడు.

ఈ కథ సుఖాంతమైనందుకు సంతోషించడం సహజమే గాని, ఆ అన్వేషణ ఎందుకు అవసరమైందన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. సైనికుడికి ఏమైందో కుటుంబానికి క్రమం తప్పక తెలియజేసే అధికారిక వ్యవస్థ ఆ కాలంలో లేదు. మెడలో పేరు చెక్కిన గుర్తింపు బిళ్ల వేసుకునే పద్ధతిని అమెరికా సైన్యం 1906లో గాని చేపట్టలేదు. పత్రికల్లో వచ్చే క్షతగాత్రుల జాబితాలు తప్పులతడకలుగా ఉండేవి. కవి వాల్ట్ విట్మన్ కూడా అదే డిసెంబరులో అటువంటి జాబితాలో తమ్ముడి పేరును పోలిన పేరు చూసి వర్జీనియా శిబిరాలకు పరుగెత్తవలసివచ్చింది.

ప్రసిద్ధుడైన హోమ్స్‌కు డబ్బుంది, పలుకుబడి ఉంది, దారి పొడవునా సాయపడే మిత్రులున్నారు. మొక్కజొన్న చేను విడిచి కదలలేని రైతుకు ఇవేవీ లేవు. కనుక తండ్రి ప్రేమ ఎంత గొప్పదైనా, దానిని ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయంగా ఎంచకూడదు. కొడుకును పిలుచుకుపోయిన రాజ్యం, అతను ఏ ఊళ్లో ఏ మంచం మీద ఉన్నాడో కన్నవాళ్లకు చెప్పడాన్ని దయగా కాక, తీర్చవలసిన రుణంగా భావించాలి.