తలుపు వెయ్యని వాకిలి

2009లో నేను ముంబైలో మా బ్యాంకు కంప్యూటర్ విభాగంలో ఉండేవాణ్ణి. బి.కాం. చదివినవాడికి అక్కడేం పని అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. ఏదైనా ఆగిపోతే సంజాయిషీ రాయడమే నా పని.

నెలాఖరున, పింఛన్లు తీసుకునే రోజున, మధ్యాహ్నం పన్నెండు దాటిందంటే సర్వర్ మొరాయించేది. ఆపి మళ్లీ నడిపిస్తే రెండు గంటలు బాగుండేది. మూడు నెలలు ఇదే తంతు. మందులకు డబ్బు కావాలని ఒక పెద్దాయన వరసగా రెండు రోజులు కౌంటరు చుట్టూ తిరిగి వెళ్లాడని ఒక బ్రాంచి మేనేజరు ఫోన్ చేసి చెప్పాడు. తప్పు లైనుదేనని నమ్మి, ఆ లైన్లు చూసే కంపెనీకి నేను ఘాటుగా రెండు ఉత్తరాలు రాశాను.

మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు షోలాపూర్ తెలుగువాడు. నాలుగో నెల సర్వర్ ఆగగానే, "ఆగుండ్రి సార్, బంద్ చేసి మళ్ల చాలూ చేయకుండ్రి, జర చూస్త" అన్నాడు. నెట్‌స్టాట్ అని కొట్టాడు. తెర నిండా వరసలు, వాటి చివర ఒకటే మాట: క్లోజ్ వెయిట్.

"అవతలోళ్లు ఎప్పుడో పోయిండ్రు సార్. మనమే తలుపు పెడ్తలేం."

రెండు యంత్రాల మధ్య సంబంధం ముగియాలంటే ఇద్దరూ సెలవు తీసుకోవాలట. అవతలివాడు "నా మాట అయింది" అంటే, మన యంత్రం "విన్నాను" అని తనంతట తానే జవాబిస్తుంది. "నాదీ అయింది" అని చెప్పవలసింది మాత్రం మన ప్రోగ్రాం. అది చెప్పకపోతే ఆ వరుస అలాగే ఉండిపోతుంది, దానికి గడువంటూ లేదు. టైమ్ వెయిట్ అనేది వేరు. ముందుగా సెలవడిగిన వైపు అది కనిపిస్తుంది, లైనక్స్‌లో 60 సెకన్లకు దానంతటదే పోతుంది. మా ప్రోగ్రాం ఒకేసారి తెరిచి ఉంచుకోగలిగినవి 1024. అవన్నీ వెళ్లిపోయినవాళ్ల పేరిట నిండిపోతే, కొత్తగా వచ్చినవాడికి చోటెక్కడ? మేం ఆపి నడిపించినప్పుడల్లా ఆ వరసలు కాస్తా చెరిగిపోయేవి. అంటే సాక్ష్యాన్ని మా చేతులతో మేమే తుడిచేశాం.

నాకు సస్పెన్సు ఖాతా గుర్తొచ్చింది. ఇక అది నాకు తెలిసిన విద్యే! లాగ్ కాగితాలు తీయించి, తెరిచినదానికీ మూసినదానికీ ఎర్ర పెన్సిలుతో టిక్కులు పెడుతూ రాత్రి తొమ్మిదిదాకా కూర్చున్నాను. మూయనివన్నీ ఒక్క తరహావే. ఖాతా వివరాలు ఆలస్యంగా వచ్చి, బ్రాంచి విసిగి వెళ్లిపోయినవి. అలాంటప్పుడు ప్రోగ్రాం తప్పు నమోదు చేసి మధ్యలోంచే తిరిగిపోతోంది, మూసే వాక్యం దాకా రావడం లేదు. రద్దీ ఎక్కువైతే ఆలస్యాలూ ఎక్కువే కదా, అందుకే నెలాఖరు గండం. ఏ దారిన వెళ్లినా మూసే వాక్యం తగిలేట్టు కుర్రాడు సరిచేశాడు.

మరుసటి నెలాఖరున పన్నెండింటికి తెర ముందు కూర్చున్నాను. క్లోజ్ వెయిట్‌లు రెండో మూడో వచ్చాయి, చూస్తుండగానే పోయాయి. సాయంత్రం నాలుగైనా బ్రాంచీల నుంచి ఫోను లేదు.

లైను కంపెనీకి మూడో ఉత్తరం రాశాను. మొదటి రెండింటికంటే చాలా చిన్నదది. రాయడానికి మాత్రం రెండు రోజులు పట్టింది.