గుడిసె కొండ మీద చలి

మా గోదావరి వాళ్లకు సంక్రాంతి ముందు ఒళ్లు జివ్వుమనాలంటే మారేడుమిల్లి చాలు. రాజమండ్రి నుంచి దాదాపు 85 కిలోమీటర్లు. రంపచోడవరం దాటాక అంతా అడవే. మారేడుమిల్లి నుంచి తెల్లారకముందే జీపులో గుడిసె కొండ చేరితే గడ్డి కొండల కింద మేఘాలు పరుచుకుని కనిపిస్తాయి. అది పొగమంచే, హిమం కాదు. అయినా కోనసీమ ఉక్కపోతలో పెరిగిన ఒంటికి అదే హిమాలయం. మఫ్లర్ చుట్టుకుని వణకడం కూడా మావాళ్లకో దర్జా!

స్కీయింగ్ కావాలనే కుర్రాళ్లు ఔలీకో గుల్‌మార్గ్‌కో పోతారు. పోనివ్వండి. అక్కడ బొంగులో చికెన్ దొరకదుగా! మసాలా పట్టించిన కోడిమాంసాన్ని వెదురు గొట్టంలో కూరి, మూతికి ఆకు బిగించి నిప్పుల మీద తిప్పుతారు. నూనె చుక్క అక్కర్లేదు, లోపలి ఆవిరికే ఉడుకుతుంది. నన్నడిగితే సూర్యోదయం ఒక వంక మాత్రమే.

గడ్డిలో ప్లాస్టిక్ సీసాలు విసిరేసేవాళ్లను మాత్రం స్వెట్టర్ విప్పించి ఆ చలిలో ఓ గంట నిలబెట్టాలి.