యూనిట్లు తగ్గాయి, బిల్లు పెరిగింది

“కరెంటు ఎక్కువ కాల్చావు” అన్న మాట ఇంట్లో చెల్లుతుంది, కర్మాగారంలో చెల్లదు. అక్కడి మీటరు ఒక్క పెట్టెలోనే ఉండి కనీసం మూడు వేర్వేరు సంగతులను లెక్కిస్తుంది. మూడింటికీ మనం ‘కరెంటు’ అన్న ఒక్క మాటతోనే సరిపెట్టుకొంటున్నాము. దానివల్ల ఒక మనిషి జీతానికే కోత పడింది.

మా ప్రాంతపు బియ్యపు మిల్లులో ఒక నెల ఆడిన ధాన్యం తగ్గింది, యూనిట్లూ తగ్గాయి. బిల్లు మాత్రం పెరిగింది. మోటార్లు చూసే పనివాని జీతంలో యజమాని కోత పెట్టాడు. అతడు నా పూర్వ విద్యార్థి. “ఇందులో నా తప్పెక్కడుందో చదివి చెప్పండి మాస్టారూ” అని బిల్లు నా చేతిలో పెట్టాడు.

మొదటిది వాడకం. ఒక కిలోవాటు చొప్పున ఒక గంట నడిస్తే ఒక యూనిట్. రెండవది మోటార్లు పని చేయకుండా లైను మీద మోపే బరువు. లైను నుండి 100 కేవీఏ లాగి 80 కిలోవాట్ల పనే చేస్తే పవర్ ఫ్యాక్టర్ 0.8. దీన్ని సరిదిద్దడానికే కెపాసిటర్లు పెడతారు. మూడవది గరిష్ఠ డిమాండు. మన టారిఫ్ ఉత్తర్వులలో నేను చదివిన నిర్వచనం ప్రకారం నెల మొత్తంలో అత్యధికంగా లాగిన అరగంటను పట్టుకొని, ఆ కేవీఏహెచ్‌ను రెట్టింపు చేస్తారు. ఆ అరగంటలో 60 లాగితే డిమాండు 120 కేవీఏ. పెద్ద కర్మాగారాలకు పావుగంట లెక్క. ఒప్పందపు పరిమితి దాటితే అదనపు రుసుము పడుతుంది. నెలంతా పొదుపుగా ఉన్నా ఆ ఒక్క అరగంటను మీటరు మరువదు.

మీటరులో నిక్షిప్తమైన అరగంటల పట్టీ తీయించగా రోజు బయటపడింది. ఆనాడు సరఫరా ఆగి వచ్చాక, లారీ వేచి ఉన్నదని, విడతలుగా నడపవలసిన యంత్రాలన్నీ యజమాని పురమాయింపు మీదనే ఒక్కసారిగా నడిచాయి. కోసిన జీతం తిరిగి ఇచ్చాడు. అన్న మాటను మాత్రం వెనక్కు తీసుకోలేదు.

ఉత్పత్తి లెక్కలోనూ ఇదే చిక్కు. చెరకు పిప్పి కాల్చే చక్కెర కర్మాగారం ‘20 మెగావాట్లు అమ్మింది’ అంటారు. అది యంత్రపు సామర్థ్యం. నిండుగా ఒక గంట నడిస్తే వచ్చేది 20,000 యూనిట్లు. అందులో బాయిలరు ఫ్యాన్లూ పంపులూ తిన్నది, గానుగలు వాడుకొన్నది పోగా మిగిలినదే గ్రిడ్డు వద్ద ‘ఎగుమతి’గా నమోదవుతుంది. క్రషింగు లేని నెలల్లో అక్కడే ‘దిగుమతి’ కనిపిస్తుంది. 2005 నాటి విద్యుత్ నియమాల ప్రకారం స్వంత వాడకపు కేంద్రమని అనిపించుకోవాలంటే వాడుకదారులకు కనీసం 26 శాతం యాజమాన్యం, ఏడాది విద్యుత్తులో కనీసం 51 శాతం స్వంత వాడకం ఉండాలి. ఆ 51 శాతాన్ని తేల్చేది యూనిట్లే, మెగావాట్లు కావు.

భౌతికశాస్త్ర వాచకాలు శక్తి వేరు, సామర్థ్యం వేరు అని ఏనాడో చెప్పాయి. డిమాండుకే సరియైన మాట కుదరలేదు. ‘గిరాకీ’ అంటే సంత గుర్తుకు వస్తుంది. ‘గరిష్ఠ భారం’ అంటే ఎలా ఉంటుంది? ఇంతకన్న మంచి మాట తోచిన మిత్రులు చెప్పండి. ఆ పనివాని వంటి వారికి పనికివస్తుంది.