చదివిపెట్టే వాళ్లం

వకీలు, దావా, ఫిర్యాదు, జామీను, వాయిదా, వకాల్తనామా. ఇవన్నీ మా ఇళ్లల్లోంచి కోర్టుకు పోయిన మాటలే. ముద్దయీ అంటే ఉర్దూలో దావా వేసినవాడు. తెలుగు ముద్దాయి మాత్రం నేరం మోసేవాడు. మాకు జరిగింది కూడా అదేనేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

నిజాం కాలంలో కోర్టు భాష ఉర్దూ. అందుకే వికారాబాద్, తాండూరు భూతగాదాల్లో ఇప్పటికీ ఉర్దూ సేత్వార్లు, పాత అమ్మకం కాగితాలు బయటికొస్తాయి. అవి రాగానే మా పిల్లలు గుర్తొస్తారు. సనదు తీసుకుని సీనియర్ల దగ్గర ఫైళ్లు మోస్తున్నవాళ్లు. "జర చదివిపెట్టు" అంటారు. చదివాక బయట నిలబడాలి. రాజీయా, అప్పీలా అన్నది లోపల తేలుతుంది.

తాండూరులో ఒక ఆఫీసు. పేరెందుకు? అందరూ అమ్మకమనుకున్న కాగితంలో మావాడు "బై బిల్ వఫా" అన్న మాట చూశాడు. పేరుకు అమ్మకం, నిజానికి తాకట్టు. పైకం తిరిగిస్తే భూమి తిరిగివ్వాలి. చెప్పబోయాడు. "చదవమన్నం, సలహా అడగలే" అన్నారు. అమ్మకమనే దావా వేశారు. ఎదుటి వకీలు ఆ మాటే పట్టుకున్నాడు. సీనియరు వాయిదా తీసుకుని బయటికొచ్చి, ఆ ముక్క మళ్లీ చదవమన్నాడట. మేం విలేకరులం, కోర్టు ముందు చాయ్ హోటల్లో ఇవన్నీ వింటాం.

1961 అడ్వకేట్ల చట్టంలో రెండే తరగతులు: హైకోర్టో సుప్రీంకోర్టో హోదా ఇచ్చిన సీనియర్లు, మిగతా అడ్వకేట్లు. ఆ లెక్కన మన ఊళ్లల్లో సీనియరనిపించుకునే వాళ్లలో చాలామందిదీ, జూనియర్లదీ ఒకటే తరగతి. వకాల్తనామా మీద జూనియరు సంతకమూ ఉంటుంది. ఓడితే కక్షిదారు తిట్లలో వాటా ఉంటుంది. నిర్ణయంలోనే లేదు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు నెలకు పట్నంలో 20,000, పల్లె ప్రాంతంలో 15,000 రూపాయలన్నా ఇవ్వమంది. సూచనే, హుకుం కాదు. పైసల మాటన్నా ఎత్తారు. మాట మాటేది?

మేం అడిగేది పెద్దదేం కాదు. దావా రాసేముందు జూనియర్ని కూర్చోబెట్టి అడగండి. అతను చెప్పింది ఫైల్లో రాయండి. కాదంటే ఎందుకు కాదో రెండు ముక్కలు రాయండి. మావాళ్ల ఆఫీసులైనా వేరేం కాదు. అక్కడ ఉర్దూకు బదులు చాయ్ తేవాలి, అంతే తేడా.

వికారాబాద్‌లో మా అమ్మాయొకతి తెలుగు మీడియంలో చదివింది. ఉర్దూ అక్షరం రాదు. పేరు చూసి కాగితం ఇచ్చేశారు. ఇంటికి తీసుకుపోయి నానాతో చదివించింది. ఆ కేసు ఏమైందని ఆయన ఇప్పటికీ అడుగుతాడు. ఆమెకెవరూ చెప్పలేదు.